ఏడాది బిల్లుల మెయిళ్ళను ఆడిటర్‌కి ఒకేసారి పంపాలంటే

మార్చి దాటగానే చిన్న వ్యాపారులకి ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చే ఫోను దాదాపు ఒకేలా ఉంటుంది: "ఏడాది కొనుగోలు బిల్లులన్నీ మెయిల్ చేసేయండి." ఆ బిల్లులేమో డీలర్ల నుంచి, ట్రాన్స్‌పోర్టు వాళ్ళ నుంచి, ఆన్‌లైన్ కొనుగోళ్ళ నుంచి పన్నెండు నెలల పాటు ఒక్కొక్కటిగా ఇన్‌బాక్స్‌లో వచ్చి పడినవి. ఒక్కోదాన్నీ తెరిచి, ఫార్వర్డ్ నొక్కి, చిరునామా కొట్టి పంపుతూ కూర్చుంటే అరవై మెయిళ్ళకి ఓ పూట గడిచిపోతుంది. అందుకున్న వైపు తిప్పలు ఇంకా ఎక్కువ. అరవై వేర్వేరు మెయిళ్ళు, అన్నిటికీ ఒకే తేదీ, సగానికి పైగా ఒకే సబ్జెక్టు. ఏ నెల బిల్లు వచ్చింది, ఏది రాలేదు అని తేల్చే పని ఆ ఆఫీసులోని అసిస్టెంట్ నెత్తిన పడుతుంది. ఏదైనా ఒకటి జారిపోతే నష్టపోయేది మాత్రం వ్యాపారి.

ఒకేసారి పంపే దారులు జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ తక్కిన వాటిలోనూ ఉన్నాయి. అందులో ఏది ఎంచుకోవాలో అవతలివాళ్ళు ఆ మెయిళ్ళతో ఏం చేస్తారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. చదివి వదిలేస్తారా? లోపలి పీడీఎఫ్‌లు తీసి లెక్కల్లోకి ఎక్కిస్తారా? మెయిల్ నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో పరీక్షిస్తారా? ఈ మూడు అవసరాలకీ పద్ధతులు వేరు. పంపేవాళ్ళకి సులువైనది అవతల పనికిరాకపోతే అదే పని రెండోసారి చేయక తప్పదు.

మామూలు ఫార్వర్డ్‌లో జారిపోయేవి

ఫార్వర్డ్ నొక్కినప్పుడు పాత మెయిల్ అలాగే వెళ్ళదు. అందులోని రాతను కొత్త మెయిల్‌లోకి నకలు చేసి, పైన "ఫలానా వారి నుంచి, ఫలానా తేదీన" అని నాలుగు లైన్లు చేర్చి, కొత్త తేదీతో మీ పేరు మీద పంపుతుంది. ఆ మెయిల్‌కి ఉన్న అటాచ్‌మెంట్లు కూడా వెళ్తాయి. కానీ "ఆ మెయిల్‌కి ఉన్నవి" మాత్రమే. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఒక డీలర్‌తో ఆరు నెలలుగా ఒకే సంభాషణ నడుస్తోందనుకుందాం. ఏప్రిల్ బిల్లు మొదటి మెయిల్‌లో ఉంది, జూన్ బిల్లు మూడోదాంట్లో ఉంది, చివరిది "డబ్బులు అందాయండీ" అన్న ఒక్క లైను. ఆ చివరి మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే కింద ఆరు నెలల మాటలూ కనిపిస్తాయి కాబట్టి అన్నీ వెళ్ళాయనే అనిపిస్తుంది. బిల్లు మాత్రం ఒక్కటీ వెళ్ళదు. ఇలాంటి సంభాషణకి జీమెయిల్‌లో వేరే ఆదేశం ఉంది. కంప్యూటర్‌లో సంభాషణ తెరిచి, పైన వరుసలో ఉన్న మూడు చుక్కలు నొక్కితే 'ఫార్వర్డ్ ఆల్' కనిపిస్తుంది. అది అన్ని మెయిళ్ళనీ వరుసగా ఒకే మెయిల్‌లో పేర్చి, వాటి అటాచ్‌మెంట్లతో సహా పంపుతుంది. ఒక్కో మెయిల్ పక్కన కూడా మూడు చుక్కలుంటాయి. వాటిలో ఉండేది ఆ ఒక్క మెయిల్‌కి చెందిన ఫార్వర్డ్ మాత్రమే. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండడం వల్ల పొరపాటు సులువుగా జరుగుతుంది.

వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు రోజుల్లో వచ్చిన మెయిళ్ళకి 'ఫార్వర్డ్ ఆల్' పనికిరాదు. వాటికి కావలసింది 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్'.

జీమెయిల్‌లో ఎంచుకోవడం నుంచి పంపడం దాకా

2019 డిసెంబరులో గూగుల్ ఈ సదుపాయాన్ని జీమెయిల్‌లో పెట్టింది. అంతకుముందు ఒక మెయిల్‌ను మెయిల్‌గానే జతచేయాలంటే ముందు కంప్యూటర్‌లోకి దించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇన్‌బాక్స్ వరుసలో కావలసిన మెయిళ్ళ పక్కన టిక్ పెట్టి, వాటిలో ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' అంటే చాలు. కొత్త మెయిల్ తెరుచుకుంటుంది, ఎంచుకున్నవన్నీ దానికి ఈఎంఎల్ (.eml) ఫైళ్ళుగా, అంటే ఒక్కో మెయిల్ మొత్తం ఉన్నదున్నట్టు ఒక్కో ఫైలుగా అతుక్కుంటాయి. రాస్తున్న మెయిల్‌లోకి ఇంకొన్నిటిని మౌస్‌తో లాగి వదలవచ్చు కూడా. దీనికి కంప్యూటర్ బ్రౌజర్ కావాలి. ఫోన్‌లోని యాప్‌లో వెతుక్కుంటూ కాలం పోగొట్టుకోవద్దు.

పని చెడేది చాలావరకు టిక్ పెట్టకముందే, వెతకడంలోనే. కాబట్టి మొదట రెండు సెట్టింగులు మార్చుకోవాలి. రెండూ సెట్టింగ్స్‌లోని 'జనరల్' పేజీలోనే ఉంటాయి. ఒకటి, పేజీకి కనిపించే మెయిళ్ళ సంఖ్యను 50 నుంచి 100కి పెంచడం. రెండోది ఇంకా ముఖ్యం: 'కాన్వర్సేషన్ వ్యూ'ను తాత్కాలికంగా ఆపేయడం. అది పనిచేస్తున్నంతసేపూ ఒకే సబ్జెక్టుతో నడిచిన మెయిళ్ళన్నీ ఒకే వరుసగా కనిపిస్తాయి. దానికి టిక్ పెడితే లోపలున్న "సరేనండీ", "రేపు లోడు వస్తుంది" లాంటివి కూడా బిల్లుతో పాటు వచ్చి చేరతాయి. ఆపేశాక ప్రతి మెయిల్ విడిగా కనిపిస్తుంది, కావలసినవే ఎంచుకోవచ్చు. పని అయ్యాక మళ్ళీ ఆన్ చేసుకుంటే పాత పద్ధతికి వచ్చేస్తుంది.

వెతకడానికి పైనున్న పెట్టె కుడి చివర గీతల గుర్తు నొక్కితే పంపినవారు, సబ్జెక్టు, అటాచ్‌మెంట్ ఉందా లేదా వంటి గడులు వస్తాయి. 'హ్యాజ్ అటాచ్‌మెంట్'కి టిక్ పెట్టడంతోనే సగం చెత్త పోతుంది. తేదీలకైతే నేరుగా టైపు చేయడం మేలు. ఆఫ్టర్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి, ఏడాది, నెల, తేదీ వరుసలో 2025/04/01 అని రాయాలి. అలాగే బిఫోర్, కోలన్, 2026/04/01. బిఫోర్ తర్వాత రాసిన తేదీ ఫలితాల్లోకి రాదు. అందుకే చాలామంది 2026/03/31 అని రాసి, సరిగ్గా ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు బిల్లులే పోగొట్టుకుంటారు. రెండు వైపులా ఓ రోజు ఎక్కువ పెట్టుకుని, అదనంగా వచ్చినవాటిని కంటితో చూసి తీసేయడం క్షేమం.

మొదటి మెయిల్‌కి టిక్ పెట్టి, షిఫ్ట్ పట్టుకుని చివరిదానికి టిక్ పెడితే మధ్యలోవన్నీ ఎంపికవుతాయి. వెంటనే ఫార్వర్డ్‌కి వెళ్ళకుండా ముందు వాటికొక లేబుల్ తగిలించాలి, "ఆడిటర్ 2025-26" అని. లేబుల్ ఉంటే పని మధ్యలో ఆగినా మళ్ళీ వెతకక్కర్లేదు. పంపినవాటికి "పంపినవి" అని ఇంకో లేబుల్ వేస్తే ఏది మిగిలిందో ఎప్పుడైనా తెలుస్తుంది. రెండు నిమిషాల పనే గానీ, మూడు నెలల తర్వాత "అక్టోబరు బిల్లులు రాలేదండీ" అని ఫోను వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

సైజు లెక్క ముందే వేసుకోవాలి

జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి జతచేయగలిగేది 25 ఎంబీ దాకా. ఈఎంఎల్‌ల విషయంలో ఈ లెక్క అనుకున్నదానికంటే తొందరగా నిండిపోతుంది. మెయిల్ వ్యవస్థ పుట్టింది మామూలు అక్షరాలు మోయడానికి. పీడీఎఫ్‌ను, ఫొటోను అక్షరాలుగా మార్చిగానీ తీసుకువెళ్ళలేదు. ఆ మార్పులో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి, అంటే బరువు మూడో వంతు పెరుగుతుంది. 3 ఎంబీ స్కాన్ బిల్లు ఉన్న మెయిల్ ఈఎంఎల్‌గా దాదాపు 4 ఎంబీ. అలాంటివి ఆరు చేరేసరికి అంచుకి వచ్చేసినట్టే. కంప్యూటర్‌లో తయారైన బిల్లులు వంద, రెండొందల కేబీలే ఉంటాయి కాబట్టి వాటిని ఒకే మెయిల్‌లో పదుల సంఖ్యలో పంపవచ్చు. బరువంతా ఫోన్‌తో తీసిన ఫొటోలదీ, రంగుల స్కాన్లదీ.

అందుకే మెయిళ్ళుగానే పంపాలనుకుంటే, అరవైనీ ఒకే మెయిల్‌లో కుక్కే ప్రయత్నం మానేసి, నెలకొకటి చొప్పున పన్నెండు పంపడం ఉత్తమం. ప్రతిదానికీ సబ్జెక్టులో సంస్థ పేరు, నెల, బిల్లుల సంఖ్య రాయాలి: "(సంస్థ పేరు), కొనుగోలు బిల్లులు, జూన్ 2025, మొత్తం 7". ఆ సంఖ్య రాస్తేనే అవతలివాళ్ళు లెక్క సరిచూసుకోగలరు. పంపే ముందు అతుక్కున్న ఈఎంఎల్‌లు కూడా అన్నే ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి.

ఇంకో చిక్కు ఫైళ్ళ పేర్లతో వస్తుంది. జీమెయిల్ ఈఎంఎల్‌కి ఆ మెయిల్ సబ్జెక్టునే పేరుగా పెడుతుంది. డీలర్ ప్రతి నెలా "ఇన్‌వాయిస్" అని ఒకే సబ్జెక్టుతో పంపే అలవాటున్నవాడైతే అన్ని ఫైళ్ళకీ అదే పేరు. దించుకున్నాక పక్కన అంకెలు తప్ప తేడా ఉండదు. నెలవారీగా విడగొట్టి పంపితే ఈ గందరగోళం కూడా చాలావరకు తగ్గుతుంది.

తక్కిన మెయిల్ ప్రోగ్రాములు

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ చేసుకునే పాత అవుట్‌లుక్‌లో ఈ పని అన్నిటికంటే సులువు. కంట్రోల్ పట్టుకుని ఒక్కొక్కటీ, లేదా షిఫ్ట్‌తో వరుసగా ఎంచుకుని మామూలు ఫార్వర్డ్ నొక్కితే చాలు. ఒకటి కంటే ఎక్కువ ఎంచుకున్నారు కాబట్టి వాటంతట అవే అటాచ్‌మెంట్లు అవుతాయి. ఒకే మెయిల్‌ను అలా పంపాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కాలి. కొత్త అవుట్‌లుక్‌లో, బ్రౌజర్‌లోని అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ తెరిచి మిగతావాటిని అందులోకి లాగి వదలడం నమ్మకమైన దారి.

అవుట్‌లుక్‌లో ఒక ప్రత్యేకమైన జబ్బుంది. మెయిల్ 'రిచ్ టెక్స్ట్' రూపంలో వెళ్తే అవతల బిల్లులకి బదులు winmail.dat అనే ఒకే ఒక్క ఫైలు ప్రత్యక్షమవుతుంది, తెరుచుకోదు. పంపే ముందు 'ఫార్మాట్ టెక్స్ట్' ట్యాబులో హెచ్‌టీఎంఎల్ ఎంచుకుంటే సరిపోతుంది. ఇంకోటి: మెయిల్‌ను పాత అవుట్‌లుక్ నుంచి డెస్క్‌టాప్ మీదికి లాగితే అది ఎంఎస్‌జీ ఫైలు అవుతుంది. అవుట్‌లుక్ లేనివాళ్ళకి అది మామూలుగా తెరుచుకోదు. అలాంటి ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి "అన్నీ ఇచ్చేశాం" అనుకోకూడదు.

థండర్‌బర్డ్‌లో కూడా ఎక్కువ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే అటాచ్‌మెంట్లుగా ఫార్వర్డ్ చేసే ఆదేశం కనిపిస్తుంది. మ్యాక్‌లోని యాపిల్ మెయిల్ దారి వేరు. కొన్ని ఎంచుకుని ఫార్వర్డ్ అంటే వాటన్నిటి రాతనీ ఒకే మెయిల్‌లో వరుసగా పేరుస్తుంది. చదివేవాళ్ళకి అది హాయిగా ఉంటుంది. ఫైళ్ళుగానే వెళ్ళాలంటే మెసేజ్ మెనూలో 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' ఉంది.

ఈఎంఎల్ ఎవరికి మంచిది, ఎవరికి కాదు

ఈఎంఎల్ పంపడమంటే ఉత్తరాన్ని కవరుతో, తపాలా ముద్రలతో సహా ఇవ్వడం. అసలు పంపినవారి చిరునామా, ఏ సర్వర్ల మీదుగా ఏ క్షణంలో వచ్చింది, పంపిన సంస్థ డిజిటల్ సంతకం అన్నీ అందులో ఉంటాయి. మామూలు ఫార్వర్డ్‌లో ఇవన్నీ పోతాయి. బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ మెయిల్ మీద ఫిర్యాదు చేసేటప్పుడు పరిశోధించేవాళ్ళకి కావలసింది ఆ ముద్రలే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసినా, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినా, అసలు మెయిల్‌ను డిలీట్ చేయకుండా ఉంచి, ఈఎంఎల్‌గా కూడా దించి పెట్టుకోవాలి. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకూడదు. కోర్టు దాకా వెళ్ళే వ్యవహారమైతే ఈఎంఎల్ కూడా చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి హ్యాష్ విలువతో (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్యతో) కూడిన సర్టిఫికెట్ జతచేయాలి. అది లాయరు చూసుకోవలసిన పని.

ఆ సమగ్రతే కొన్నిచోట్ల ప్రమాదం. ఈఎంఎల్‌లో లింకులు బతికే ఉంటాయి. అందులోని 'అన్‌సబ్‌స్క్రైబ్' అవతలివాళ్ళు నొక్కితే జాబితాలోంచి పోయేది మీ పేరు. పాస్‌వర్డు మార్చే లింకు, ఒక్క నొక్కుతో ఖాతా తెరిచే లింకు ఉన్న మెయిల్ పొరపాటున కలిసిపోతే ఇంకా చేటు. పంపినవాటి ఫోల్డర్‌లోంచి తీసి జతచేస్తే బీసీసీలో (మిగతావాళ్ళకి కనపడకుండా) పెట్టిన పేర్లు కూడా బయటపడవచ్చు.

ఇక ఆడిటర్ ఆఫీసు విషయానికొస్తే, నిజానికి వాళ్ళకి మెయిల్ అక్కర్లేదు, దానిలోని పీడీఎఫ్ కావాలి. ఈఎంఎల్ తెరవాలి, లోపలి బిల్లు తెరవాలి, దించుకోవాలి, పేరు మార్చాలి. అరవై బిల్లులకి ఇది పెద్ద చాకిరీ. ఫోన్‌లో అయితే ఒక్కోచోట ఒక్కోలా తెరుచుకుంటుంది, కొన్నిట్లో తెరుచుకోదు. కాబట్టి బిల్లులు ఇరవై దాటితే పీడీఎఫ్‌లే తీసి, నెలకో ఫోల్డర్ చేసి, గూగుల్ డ్రైవ్ లింకు ఇవ్వడమే సరైన పద్ధతి. లింకును "ఎవరైనా చూడవచ్చు" అని వదిలేయకుండా ఆడిటర్ మెయిల్ చిరునామాకి మాత్రమే అనుమతి ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లకి పాస్‌వర్డు ఉంటుంది. అది ఏ లెక్కన ఉంటుందో చెప్పే వివరం సాధారణంగా మెయిల్ రాతలో ఉంటుంది, పీడీఎఫ్‌లో ఉండదు. పీడీఎఫ్ మాత్రమే పంపినప్పుడు ఆ పాస్‌వర్డును విడిగా, ఫోనులో చెప్పాలి.

చేత్తో దించడం భారమైతే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఉంది, అంటే జీమెయిల్, డ్రైవ్ పనులు వాటంతట అవే జరిగేలా చిన్న ప్రోగ్రాము రాసుకునే సదుపాయం. ఫలానా లేబుల్ ఉన్న మెయిళ్ళలోంచి అటాచ్‌మెంట్లు తీసి డ్రైవ్ ఫోల్డర్‌లో పడేసే స్క్రిప్టు పాతిక లైన్లకి మించదు. రాయించుకునేటప్పుడు మూడు సంగతులు చెప్పాలి. సంతకం కింద ఉండే కంపెనీ లోగోలు కూడా అటాచ్‌మెంట్లుగానే లెక్కకొస్తాయి కాబట్టి పీడీఎఫ్‌లు మాత్రమే తీయమనాలి. ఫైలు పేరు ముందు తేదీ, డీలర్ పేరు చేర్చమనాలి. ఒక విడతకి ఆరు నిమిషాలకి మించి స్క్రిప్టు నడవదు గనుక నెలల వారీగా నడపాలి. అదే స్క్రిప్టుతో మెయిళ్ళని ఒక్కొక్కటిగా ఫార్వర్డ్ కూడా చేయించవచ్చు గానీ, ఉచిత ఖాతాకి స్క్రిప్టు ద్వారా రోజుకి 100 మంది గ్రహీతలే పరిమితి, ఒక్కరికే పంపినా ప్రతి మెయిల్ ఒక లెక్క. ఈ పనంతా చేసిపెడతామనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి మొత్తం మెయిల్‌బాక్స్ చదివే అనుమతి ఇవ్వాలి. ఏడాదికొకసారి పడే పనికి అంత తాళంచెవి ఇవ్వడం తగదు.

మీ ఖాతా నుంచి మీ ఖాతాకే అయితే

కాలేజీ చదువు ముగిసినప్పుడు, ఇంకో ఖాతాకి మారేటప్పుడు వందల మెయిళ్ళని సొంత చిరునామాకి ఫార్వర్డ్ చేసుకోవడం చాలామంది చేసే పని. అది తప్పు దారి. ఫార్వర్డ్ అయిన ప్రతి మెయిల్ మీదా ఇవాళ్టి తేదీ పడుతుంది, పంపినవారుగా మీ పేరే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత తేదీని బట్టి గానీ మనిషిని బట్టి గానీ వెతికితే ఏదీ దొరకదు. పైగా మామూలు జీమెయిల్ ఖాతాకి రోజుకి 500 మెయిళ్ళ హద్దుంది.

దీనికి థండర్‌బర్డ్‌లో రెండు ఖాతాలూ ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిళ్ళనే నేరుగా చూపించే) పద్ధతిలో చేర్చి, పాత ఖాతాలో మెయిళ్ళు ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, కొత్త ఖాతా ఫోల్డర్‌లోకి 'కాపీ టు' అనాలి. అసలు తేదీలు, పేర్లు, అటాచ్‌మెంట్లు చెక్కుచెదరకుండా వస్తాయి. 'మూవ్' అనకుండా 'కాపీ' అనడం ముఖ్యం. నెట్ మధ్యలో తెగితే రెండు చోట్లా వెతుక్కోవాల్సిన పని ఉండదు. రెండు ఫోల్డర్లలో మెయిళ్ళ సంఖ్య సరిపోయాకే పాతవాటి సంగతి చూడాలి. ఆఫీసు ఖాతా అయితే అందులోవి సంస్థ సొత్తు. అనుమతి లేకుండా బయటికి తీయకూడదు.

ఇక మీదట రాబోయేవాటికి ఫిల్టర్

వచ్చే ఏడాదికి ఈ అవస్థ లేకుండా ఉండాలంటే బిల్లు వచ్చిన రోజే ఆడిటర్‌కి చేరేలా జీమెయిల్ ఫిల్టర్ పెట్టవచ్చు. ముందు సెట్టింగ్స్‌లోని ఫార్వర్డింగ్ పేజీలో ఆడిటర్ చిరునామా చేర్చాలి. వాళ్ళకి ఒక నిర్ధారణ కోడ్ వెళ్తుంది. వాళ్ళు ఒప్పుకున్నాకే ఆ చిరునామా ఫిల్టర్‌లో కనిపిస్తుంది. తర్వాత డీలర్ల చిరునామాలతో, అటాచ్‌మెంట్ ఉండాలన్న షరతుతో ఫిల్టర్ చేసి 'ఫార్వర్డ్ ఇట్ టు' ఎంచుకోవాలి. ఫిల్టర్ పెట్టాక వచ్చే మెయిళ్ళే వెళ్తాయి. పాతవాటికి కూడా వర్తించాలని టిక్ పెట్టినా ఫార్వర్డ్ మాత్రం జరగదు. జీఎస్టీ నెలనెలా దాఖలు చేసేవాళ్ళకి ఇది మరీ ఉపయోగం. డీలర్లు చూపిన బిల్లుల పన్ను వివరాల పట్టిక జీఎస్టీఆర్ 2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది, నెలవారీ రిటర్ను 3బీ గడువు 20. ఆ వారంలో బిల్లులు సరిపోల్చుకోవడానికి ఆఫీసు దగ్గర అప్పటికే అన్నీ ఉంటాయి.

షరతులేమీ లేకుండా ఖాతా మొత్తాన్ని ఫార్వర్డ్‌లో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఓటీపీలు, పాస్‌వర్డు లింకులు, ఇంటి వ్యవహారాలు అన్నీ అవతలికి పోతాయి. కంపెనీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంటే బయటి చిరునామాకి ఆటో ఫార్వర్డ్ మామూలుగా మూసే ఉంటుంది. 5.7.520 అంకెతో మెయిల్ తిరిగొస్తే కారణం అదే. అడ్డదారి వెతకకుండా ఐటీ వాళ్ళని అడగాలి.

ఏ పద్ధతిలో పంపినా అసలు మెయిళ్ళు తీసేయకూడదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా రికార్డులు ఉంచాలి. 2025-26 సంవత్సరానికి ఆ గడువు 2026 డిసెంబరు 31గానే ఉంటే, బిల్లులు 2032 డిసెంబరు ఆఖరుదాకా దొరకాలి. ఆడిటర్ మారితే అదే రోజు ఫిల్టర్ తీసేసి, ఫార్వర్డింగ్ పేజీలోంచి ఆ చిరునామా కూడా తొలగించాలి. పనిలో పనిగా ఫిల్టర్ల జాబితా అంతా ఓసారి పైనుంచి కిందికి చదవాలి. ఖాతాలోకి చొరబడిన మోసగాళ్ళు బ్యాంకు మెయిళ్ళు తమకి చేరేలా చడీచప్పుడు లేకుండా ఫిల్టర్ పెట్టి పోతుంటారు. పాస్‌వర్డు మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. మీరు చేర్చని చిరునామా అందులో కనిపిస్తే ముందు దాన్ని తీసేసి, ఆ తర్వాత పాస్‌వర్డు మార్చి, తెలియని పరికరాలన్నిటిలోంచీ సైన్ అవుట్ చేయాలి.